ఎప్పటిది?

షాలేమ్‌రాజుకు ఎవరేం చెప్పినా నోటికొచ్చే మొదటి మాట ఒకటే: "ఎప్పటిది?"

ఉల్లిగడ్డ ధర పెరిగిందంటే ఎప్పటిదనేవాడు. వైరాలో ఎవరిదో ఎద్దు తప్పిపోయిందంటే ఎప్పటిదనేవాడు. కల్లూరులో ఒక పెళ్లి పంక్తిలో, పప్పు వడ్డించబోయిన పెద్దమనిషిని "ఎప్పటిది?" అని అడిగి, వియ్యంకులు రెండు నెలలు మాట్లాడుకోకుండా చేసిన ఘనత ఆయనది. అంతెందుకు, ఒక ఆదివారం పాస్టరుగారు కళ్లు మూసుకుని "ప్రభువు త్వరలో రానున్నాడు" అంటుంటే, ముందు బెంచీలోంచి "ఈ కబురు ఎప్పటిది అయ్యగారూ?" అని వినబడింది. ఆ వారం నుంచి సంపూర్ణమ్మ భర్తను చివరి బెంచీకి మార్చింది.

"నీ మీద నాకు కోపమొచ్చింది," అన్నదొకసారి ఆమె.

"ఎప్పటిది?"

"లగ్గమైనప్పటిది."

"పాతదే గదా," అని ఆయన అన్నానికి కూర్చున్నాడు.

ఆయన పనిచేసే ఖమ్మం ఆఫీసులో ప్రమీల చేరిన రోజున కూడా అంతే. ఆమెది కారేపల్లి దగ్గర తండా. కంప్యూటరు పని మీద ఆ వానాకాలమే వచ్చింది. భద్రాచలం వైపు అడవి రోడ్డు మీద వాగులెక్కువ, వంతెనలు తక్కువ. వాగు పొంగితే చప్టా మీద నుంచే నీళ్లు పారతాయి. ఎగువన వాన ఎంత పడిందో, ఎప్పుడు పడిందో చెబితే, ఏ చప్టా ఎప్పుడు మునుగుతుందో ముందుగా చెప్పే ప్రోగ్రామును ప్రమీల రాసింది. దాన్ని బట్టే పొద్దుటి బస్సును పంపడమో ఆపడమో. అడవి ఊళ్లలో వాన కొలిచే డబ్బాలు చూసేవాళ్లు ఫోన్లో లెక్క చెబితే, షాలేమ్‌రాజు కంప్యూటరులోకి ఎక్కించేవాడు.

ఆ ఫోన్లు మాత్రం ఒక పట్టాన ముగిసేవి కావు. "ఎప్పటిది?... ఆఁ, మరి అది ఎప్పటిది?... ఇంకోటో? అదెప్పటిది?" ఒక్క వానకు ఇన్ని ఎప్పటిదులు ఎందుకో ప్రమీలకు అర్థమయ్యేది కాదు. ఫోన్ బిల్లు చూసినప్పుడల్లా ఆఫీసరు ఆంథోని సారుకు బీపీ పెరిగేది. మధ్యలో చాయ్ కొట్టు లాలు గ్లాసు తెచ్చి ముందు పెడితే, దానికీ అదే ప్రశ్న.

"చాయ్ ఎప్పటిది లాలూ?"

"నువ్వడగకముందు వేడిదే సారూ."

శ్రావణంలో ఒక పొద్దున ప్రోగ్రాము రోడ్డు బాగుందని చెప్పింది. బస్సు వెళ్లింది. చప్టా నడిమికి పోయేసరికి నీళ్లు ఇంజన్లోకి ఎక్కాయి. జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఒడ్డెక్కారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఒక కోళ్లబుట్ట వాగుపాలైంది. డ్రైవరు కోటేష్ తడిబట్టలతోనే ఆఫీసుకొచ్చాడు.

"మీ కంప్యూటరుకు ఈత వచ్చా సార్? నాకు రాదు."

ఆంథోని సారు లెక్కలన్నీ తీయించాడు. ఎగువ ఊళ్లో డబ్బా చూసేది జంపక్క. ఆమె చెప్పిన వాన ముందురోజు తారీఖు మీద ఉంది. కోటేషేమో వాన తెల్లవారుజామున కొట్టిందని ప్రమాణం చేస్తున్నాడు.

"చూసినవా? కొలవకుండ ఇంట్ల కూసొని నోటికొచ్చింది చెబుతున్నది. ఆమెను తీసేద్దాం. రిపోర్టు రాయి ప్రమీలా."

భర్త లేని జంపక్కకు నెలనెలా చేతికందే జీతం ఆ డబ్బాదే. ప్రమీల తల వంచుకుని కాగితం అందుకుంది.

"ఆమె అబద్ధమాడిందన్న మాట ఎప్పటిది సార్?" అన్నాడు షాలేమ్‌రాజు.

"ఇప్పటిదే! నేనే అంటున్న!"

"అయితే ఇంకా వేడిగుంది. చల్లారనియ్యుండ్రి. ఓసారి పోయొస్తం."

జంపక్క వాకిట్లో వాన డబ్బా చుట్టూ మేకలు రాకుండా ముళ్లకంప కట్టి ఉంది. డబ్బా తళతళలాడుతోంది. కొలవని మనిషి ఇంత శ్రద్ధగా తోముతుందా అనిపించింది ప్రమీలకు.

"బస్సు మునిగిన దినం నువ్వు చెప్పిన వాన ఎప్పటిది జంపక్కా?"

"అప్పుడే చెప్పిన గద సారూ, నిన్న రాత్రిదని."

"అవ్, నేనూ నిన్నటి తారీఖు మీదనే ఎక్కించిన."

"రాత్రంటే ఏ జాములో అక్కా?" ప్రమీల అడిగింది.

"నడిరాత్రి దాటినంక బిడ్డా. కప్పు మీద దబదబ పడుతుంటే లేచిన. వాన ఎలిసి మళ్ల కన్ను మూసిన్నో లేదో, కోడి కూసింది."

"అయితే అది నిన్నటి వాన కాదు గదా? తారీఖు మారింది గదా?"

జంపక్కా షాలేమ్‌రాజూ ఆమెను ఒక్కలాగే వింతగా చూశారు.

"తెల్లారకుండ దినమెట్ల మారుతది బిడ్డా?" అంది జంపక్క.

"అదేగా!" అన్నాడు షాలేమ్‌రాజు.

ప్రమీలకు ఇల్లు గుర్తొచ్చింది. తండాలో వాళ్లమ్మా అంతే. పొద్దు పొడిస్తేనే రేపు. అసలు తను మాత్రం? ఇంట్లో ఉంటే తనకూ అంతే. ఊరంతా నిద్రపోయే వేళ, చీకట్లో, ఎవరికీ చెప్పకుండా దినం మార్చేది తన ప్రోగ్రాము ఒక్కటే. అప్పుడే పడిన వానను నిన్నటిదనుకుని, ఆ నీళ్లెప్పుడో దిగువకు పోయాయని లెక్క కట్టింది. జంపక్క అబద్ధమాడలేదు. యంత్రమూ ఆడలేదు. ఇద్దరి మధ్యా ఒక రాత్రి ఎవరిదో తేలలేదు, అంతే.

"లోకంల అన్నిటికీ ఎప్పటిదని అడుగుతవు. రాత్రి కాడ మోసపోయినవు గద షాలేమన్నా!" ప్రమీల నవ్వింది.

"ఆయనకు నా వాన మీద ధ్యాసేడిది బిడ్డా?" జంపక్క అందుకుంది. "వాన ముచ్చట ఒక్క ముక్క. మిగిలిందంత మా జ్వరాలే. ఎవరికొచ్చింది, ఎప్పటిది? పోరగాడి దగ్గు ఎప్పటిది? నిన్న మొన్నటిది కాదంటే చాలు, అక్కడి నుంచే దవాఖానా జీపుకు ఫోన్ కొడతడు. మా భీమక్క కోడలు గట్లనే బతికింది."

ప్రమీల తిరిగి చూసింది. షాలేమ్‌రాజు వంగి వాన డబ్బాను మహా దీక్షగా పరీక్షిస్తున్నాడు.

"ఈ డబ్బా ఎప్పటిది?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆఫీసుకొచ్చాక ప్రమీల ప్రోగ్రాములో తారీఖు గడి తీసేసి, 'వాన పడి ఎంతసేపైంది?' అని పెట్టింది. రాత్రి ఎవరిదైనా ఇక పేచీ లేదు. తర్వాతి ముసురుకు ప్రోగ్రాము బస్సును ఆపమంది. కోటేష్ ఇవతలి ఒడ్డున చాయ్ తాగుతూ, చప్టా మీద పారుతున్న ఎర్రనీళ్లను చూసి ఆఫీసుకు ఫోన్ చేశాడు. "కంప్యూటరుకు ఈత రాకపోయినా భయమొచ్చింది సార్. నయమే."

ఫోన్ బిల్లు గురించి ఆంథోని సారు మళ్లీ గొణిగితే, "డాటా టైమింగు సార్, అడగక తప్పదు," అంది ప్రమీల. షాలేమ్‌రాజు కిటికీ వైపు తిరిగాడు.

"సరే, జంపక్క ఉంటది," అన్నాడు ఆంథోని సారు కలం తీసి. "కానీ బస్సు మునిగిన దానికి పైకి రిపోర్టు పోవాలె. ఆమె తప్పు కాకపోతే మరెవరి తప్పని రాయాలె?"

ప్రమీల లేచి నిలబడింది. ఆమె నోరు విప్పేలోగా కిటికీ దగ్గర్నుంచి వినబడింది.

"ఆ తప్పు ఎప్పటిది సార్?"

"ఎప్పటిదేందయ్యా, మొన్నటిది!"

"మొన్నటి వానకు ఇయ్యాల రోడ్డు మూస్తమా సార్?"

ఆంథోని సారు ఆయన వంక చూశాడు. నిలబడ్డ ప్రమీలను చూశాడు. 'లోపం తెలిసింది, సరిచేయబడింది' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. అప్పుడే లాలు చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సారు గ్లాసు ఎత్తి, పెదవుల దాకా తెచ్చి, ఆగాడు.

"లాలూ, ఇది ఎప్పటిది?"