ఆకాశంలో వాటా

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మండపేట బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే షేర్ల జ్వరం మా వైపు పాకినప్పుడు తమ్ముడు ఒక కంపెనీ షేర్ల పుస్తకాన్ని నా దగ్గరికే తెచ్చాడు. ఉపగ్రహాలు పైకి పంపి, టీవీ చానెళ్ళకూ ఫోన్లకూ అద్దెకిచ్చే కంపెనీ అది. అప్పటికే రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలి వాడి చెరువులు పోయాయి. మిగిలింది నాన్న పోయాక పంపకంలో వచ్చిన ఎకరంన్నర. అదమ్మి ఆ షేర్లు కొంటానన్నాడు.

పుస్తకం అంతా చదివాను. అర్థం కాని చోట మళ్ళీ చదివాను. అద్దెల మీద వచ్చేది అప్పుల వడ్డీకే చాలడం లేదు. పైనున్న ఉపగ్రహంలో ఇంధనం అయిపోతే ఇక అది పనికిరాదట. అప్పు మాత్రం అంతకంటే ఎక్కువ ఏళ్ళు బతుకుతుంది. ఎద్దు చచ్చాక కూడా దాని వాయిదాలు కట్టిన రైతులు మాలో ఉన్నారు. కానీ ఆ ఎద్దును చూపించి ఊళ్ళోవాళ్ళ దగ్గర డబ్బు లాగినవాడు లేడు.

భీమవరంలో బ్రోకరు ఆఫీసుకు వాడితో నేనూ వెళ్ళాను.

"ఇంత అప్పున్న కంపెనీ ఏంటండీ?" అన్నాను.

"అయ్యబాబోయ్, పెద్దాయనగారు బాగా చదివేశారండి!" బ్రోకరు నవ్వాడు. "పరపతి లేనోడికి అప్పు పుడుతుందా అండి? బ్యాంకులు అన్ని కోట్లు ఊరికే పోశాయా?"

"పొలం మీద అప్పిస్తే బ్యాంకాయన గట్టు మీదకొచ్చి చూసుకుంటాడండి. ఆకాశంలో ఉన్నదాన్నెలా జప్తు చేస్తాడు? నిచ్చెనేసుకునా?"

అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. తమ్ముడు తల దించుకున్నాడు.

బస్సులో అన్నాడు: "నలుగురిలో పరువు తీశావన్నయ్యా. అయినా మునిగితే మాత్రం ఏమైంది? మన వాటా మనకి కొలిచి ఇచ్చేస్తారు కదా."

వాడి ధైర్యం ఎక్కడిదో అప్పుడు తెలిసింది. షేరును తెలుగులో వాటా అంటారు. మా వైపు వాటా అంటే కాళ్ళు పెట్టి నిలబడే చోటు. అన్నదమ్ములు తిట్టుకున్నా, కోర్టుకెక్కినా, చివరికి గొలుసు పట్టి కొలిచి రాళ్ళు పాతుతారు. వాటా మాయమైపోవడమన్నది వాడు పుట్టాక వినలేదు.

"ఒరేయ్, నాన్న పోయినప్పుడు ముందు అప్పులోళ్ళకి కట్టాకే కదరా పంచుకున్నాం?"

"కట్టాం. అయినా మనకి మిగల్లేదా ఏంటి?"

"నాన్న చేసిన అప్పు కొంచెం కాబట్టి మిగిలింది. వీళ్ళకి ఉన్నదే అప్పు."

"నీకన్నీ అనుమానాలే" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

పొలం అమ్మాడు. షేర్లు కొన్నాడు. కొన్నాళ్ళు ధర పెరిగింది. ఎదురైనప్పుడల్లా "ఏంటన్నయ్యా, నిచ్చెన ఎంతదాకా వచ్చింది?" అని వెక్కిరించేవాడు. తర్వాత పడింది. ఇప్పటికైనా అమ్మెయ్యరా అంటే, తగ్గినప్పుడు వాటా ఎవడమ్ముకుంటాడన్నాడు. ఇంకా పడింది. ఆఖరికి కంపెనీ దివాలా తీశానంటూ కోర్టుకెక్కింది. అప్పిచ్చినవాళ్ళకు ఎంతో కొంత వస్తుందనీ, షేర్లున్నవాళ్ళకు ఏమీ రాదనీ పేపర్లో వేశారు. వాడిని కూర్చోబెట్టి చదివి చెప్పాను.

"మరి మన వాటా?"

"లేదురా."

"లేదంటే, ఎంతన్నయ్యా?"

ఆ వార్త మళ్ళీ మొదటి నుంచి చదివి వినిపించాను.

ఆ పుస్తకంలో నష్టభయం సంగతి లేకపోలేదు. చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. చెప్పామనిపించుకోవడానికి వేసింది తప్ప ఎవరికైనా అర్థం కావాలని వేసింది కాదు. ఆ బ్రోకరు ఇప్పుడు అదే గదిలో ఇన్సూరెన్సు చేయిస్తున్నాడు. కనిపిస్తే నమస్కారమండీ అంటాడు. నేను పలకను. పలకకపోతే వాడికొచ్చే లోటేమీ లేదు.

పొలం కొన్నాయన దాన్ని చేపల చెరువుగా తవ్వించాడు. అందులోనే తమ్ముడు పడవ మీద తిరుగుతూ చేపల మేతకు తవుడు సంచులు కడతాడు. చూడ్డానికి వెళితే నీళ్ళలోంచే కేకేశాడు:

"ఈయన మంచోడన్నయ్యా! కూలి ఆపడు!"

గట్టు మీద నుంచే వెనక్కి వచ్చేశాను.