గుడ్ ఫ్రైడే ప్రూఫులో ఎర్ర గీత

2018 మార్చి. వినుకొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో నేను డి.టి.పి. ఆపరేటర్ని, అంటే చేతిరాత కాపీని కంప్యూటర్లో అచ్చుకు సిద్ధం చేసే మనిషిని. పెళ్లి కార్డు మొదలు పురుగుమందు కరపత్రం దాకా మస్తాన్‌బీ టైపు చేస్తే తప్పుండదని ఊళ్లో పేరు. ఆ పేరంటే నాకు గర్వమే, దాచుకోను.

గుడ్ ఫ్రైడేకి పది రోజుల ముందు జీవరత్నం మాస్టారు వచ్చారు. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పినాయన, రిటైరయ్యాక వాళ్ల చర్చికి సెక్రటరీ. గుడ్ ఫ్రైడే ఆరాధనలో చదివే పాత ప్రార్థనల పుస్తకం చిరిగిపోయిందట, మళ్లీ అచ్చు వేయాలి.

టైపు చేస్తుంటే ఒకచోట చెయ్యి ఆగింది. యూదుల, తురకల రాతి గుండెల్ని మెత్తబరచమని దేవుణ్ణి అడిగే ప్రార్థన. తురకలంటే మేమే. ఒళ్లు మండింది. ఆ రెండు మాటలూ ఎగరగొట్టేస్తే ఎవరూ కనిపెట్టరు. కానీ కస్టమర్ కాపీకి సొంతంగా కత్తెర వేయడం మా పనిలో దొంగతనంతో సమానం. ఉన్నదున్నట్టు కొట్టాను. ప్రూఫులో, అంటే అచ్చుకు ముందు కస్టమర్ చూసి దిద్దే కాగితంలో, ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. అనుమానం వస్తే అలా అడగడం మా పద్ధతి.

"ఏంటమ్మాయ్, తప్పు దొర్లిందా?" అన్నారు మాస్టారు.

"అక్షరం పొల్లు పోలేదండి. ఇదే అచ్చు వేయమంటారా అని అడుగుతున్నా."

ఆయన ముఖం ఎర్రబడింది. "మా తాతల నాటి ప్రార్థన. మీ మంచి కోరే కదా చేసేది?"

"అయితే నా ముఖం చూసి చదవండి మాస్టారూ."

ఆయన చదవలేదు.

"మిర్చి కోతలో మీ వాళ్లూ మా వాళ్లూ పక్కపక్క సాళ్లలో ఉంటారు. శుక్రవారం మైకులో ఇది విని, శనివారం ఒకే డబ్బాలో నీళ్లెలా తాగుతారండి?"

మాస్టారు ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

చర్చి కమిటీలో మూడు రోజులు రగడ. పెద్దల ప్రార్థన మార్చడానికి మీరెవరని కొందరు ఆయన మీదికి లేచారట. ఇక్కడ మా ఓనరు గిరాకీ పోగొడుతున్నావని నాకు చీవాట్లు పెట్టాడు. నాలుగో రోజు మాస్టారే వచ్చి ప్రూఫు నా ముందు పెట్టారు. 'యూదుల, తురకల' అన్నది కొట్టేసి, పైన గుండ్రటి చేతిరాతతో 'మా' అని రాసి ఉంది.

"నువ్వడిగాక ఇంటికెళ్లి మళ్లీ చదివానమ్మా. రాయి ఎక్కడుందో తెలిసింది," అన్నారు.

కాపీ దిద్దే హక్కు నాకు లేకపోయినా అడిగే హక్కు ఉందని అప్పుడే నేర్చుకున్నాను. ఆ ప్రూఫు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం చర్చి మైకు ప్రెస్సు దాకా వినిపించింది. "మా రాతి గుండెల్ని మెత్తబరచు తండ్రీ" అని మాస్టారి గొంతు. జనమంతా ఆమేన్ అన్నారు. కీబోర్డు మీద చేతులు ఆపి నేనూ మా తీరులో ఆమీన్ అన్నాను.