మగ్గం ఆపొద్దవ్వా!

నా ప్రొఫెసర్ కుర్చీని నేనే రెండు గంటలపాటు తల ఊపి ఊపి కూలదోసుకున్న వైనం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి.

నేను నల్లగొండలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ని. రాజుల గురించి అందరూ రాస్తారని, నేను ఆలుమగల ఏకాంతం చరిత్ర పట్టుకున్నాను. ఈ విద్యలో దేశంలోనే నన్ను మించినవాడు లేడని చెప్పుకునేవాణ్ని. నిజమేమిటంటే, మా జిల్లాలో ఆ పని చేసేవాణ్ని నేనొక్కణ్నే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, అప్పుడు నేను యాభై నాలుగేళ్ల పడుచువాణ్ని, ప్రొఫెసర్‌గా పదోన్నతికి ఇంటర్వ్యూ పడింది. అదే ఆఖరి అవకాశం. కమిటీ అదిరిపోయే సాక్ష్యం కోసం పానగల్‌లో మగ్గం నేసే ఓ అవ్వ దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, మీ పెండ్లయిన కొత్తల అత్తమామలు, మరుదులు, మగ్గం అన్నీ ఒక్క అర్రలనే గదా! మరి మీ ఆలుమగల ముచ్చట్లు ఎట్ల?"

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "సర్కారు నీకు జీతమిచ్చేది గిందుకా?"

"గిందుకే అవ్వా."

"మంచిగున్నది నౌకరి! నా పేరు రాయకు మరి. మగ్గం ఆపాల్నా?"

"ఆపొద్దవ్వా. నీ పని నువ్వు చేసుకో, సహజంగ ఉంటది," అన్నాను మహా మేధావిలా.

ఫోను మగ్గం గట్టు మీద పెట్టాను. అవ్వ టకటకా నేస్తూ రెండు గంటలు చెప్పింది. సిగ్గుపడింది, పడీపడీ నవ్వింది, ఒకసారి కళ్లొత్తుకుంది. నేను గంగిరెద్దులా తల ఊపుతూ "అబ్బో!" అంటూనే ఉన్నాను. ఫోనులో రెండు గంటల రికార్డింగు కనబడింది. ఇంక వినడమెందుకు?

కమిటీ పెద్దావిడ వినిపించమన్నారు. నొక్కాను. టక్, టక్, టక్, టక్.

"ఇదేమిటండీ?"

"మగ్గం మేడం."

"మనిషేరీ?"

"వెనకాల ఉంది మేడం. జర ఓపిక పట్టండి."

పది నిమిషాలు పట్టారు. మనిషి రాలేదు. నడుమ నడుమ నా "అబ్బో!" మాత్రం ఖంగుమంది.

"పోనీ, మీరు విన్నారుగా! నోటితో చెప్పండి."

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ చప్పుడులో నాకూ ఒక్క ముక్క వినబడలేదు. ఫోను వింటోంది కదా అని తల మాత్రం ఊపాను.

పదోన్నతి పోయింది. మర్నాడు అవ్వ దగ్గరికి పరుగెత్తి, జరిగింది చెప్పి, మళ్లీ చెప్పమని బతిమాలాను.

"ఇనవడలేదా? ఇనవడదనే గద నేను చెప్పింది!" అని నవ్వింది అవ్వ. "ఆ దినాలల్ల గూడ గంతే బిడ్డా. ఆయన నేస్తాంటె నేను పక్కన నూలు కండెలు చుట్టుకుంట ముచ్చట పెట్టుకునేటోళ్లం. రెండడుగుల దూరంల ఉన్న మా అత్తకు గూడ ఇనవడకపోయేది. నువ్వు మగ్గం ఆపొద్దంటే, సారు మంచోడు, నా ఇజ్జత్ కాపాడుతాండు అనుకొని కడుపులున్నదంతా చెప్పిన."

నేను ఏళ్లతరబడి వెతుకుతున్న జవాబు అదే! రికార్డు చేద్దామని జేబు తడుముకుంటే, ఫోను ఇంట్లో మరిచి వచ్చాను.

"మగ్గం ఆపి ఒక్కసారి చెప్పవ్వా!"

"ఆపితే నోరు రాదు బిడ్డా."

వినబడని మాటకు ఈ జన్మలో తల ఊపనని అక్కడే నిలబడి, చెయ్యెత్తి, గంభీరంగా ప్రమాణం చేశాను. అవ్వ అప్పటికే నేత మొదలుపెట్టింది కనుక ఆ ప్రమాణం ఎవరికీ వినబడలేదు. అవ్వ తల మాత్రం ఊపింది.