తెలుస్తుంది బిడ్డా

కర్దనూర్ ఐలన్న ముప్పై ఏళ్లు కాజీపల్లి మందుల కంపెనీలో బాయిలర్ నడిపాడు. మీటరు చూడకుండా, చప్పుడు విని ఆవిరి ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. షుగర్ అతని పాదాలను మొద్దుబార్చింది గానీ చెవులను ముట్టలేదు. చివరికి కొంప ముంచినవి ఆ చెవులే.

నేను పనిచేసే పరిశోధనలో అతను పదకొండో మనిషి. మాస్కు పెట్టి కొన్ని నిమిషాలు ఆక్సిజన్ తగ్గించిన గాలి, మళ్లీ కొన్ని నిమిషాలు మామూలు గాలి ఇస్తాం. ఇలా చేస్తే కాళ్లకు రక్తం బాగా అంది నరాలు కోలుకుంటాయేమోనని ఆశ. ఆశే, రుజువు కాలేదు. పాదం పోకుండా ఉంటే చాలని అతను చేరాడు.

"గాలి తక్కువిచ్చి బాగుజేస్తరా? మా కంపెనీ ముప్పై ఏండ్లసంది గదే ఇచ్చింది గదా బిడ్డా!" అని మొదటి రోజే నవ్వించాడు.

వారానికోసారి అతని కళ్లు మూయించి, స్టూలు మీంచి ఒంగి అరికాలి మీద సన్నని నైలాన్ పోగు ఆనించేదాన్ని. తగిలినప్పుడు చెప్పాలి. మొదటిసారి పదిచోట్ల ఆనిస్తే ఒక్కటీ చెప్పలేదు. ఆరో వారానికి పదింటిలో ఎనిమిది! "తెలుస్తుంది బిడ్డా" అన్నప్పుడల్లా నాకు కడుపు నిండేది. అతని భార్య వీరలక్ష్మి చేతిలో లడ్డూ పెట్టి, "ఇక భయం లేదమ్మా" అన్నాను. నా నోటికి తాళం వేయాల్సింది.

తొమ్మిదో వారం ఆమె అతన్ని ఆటోలో తీసుకొచ్చింది. చెప్పులోంచి మేకు దిగితే నాలుగు రోజులు అలాగే తిరిగాడు. పాదం నల్లబడింది.

"పొద్దుమాపు కాళ్లు సూసేదాన్నమ్మా. నువ్వు బాగైందంటివి, ఇగ బంద్ జేసిన" అని ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. "పోగు తెలిసింది, మేకు తెలియలేదా కాకా?"

తల దించుకున్నాడు. "నువ్వు ఒంగినప్పుడల్లా స్టూలు కిర్రుమంటది. గప్పుడు చెప్పేటోన్ని. తెల్వదన్ననాడు నీ మొఖం సూడలేకపోయిన బిడ్డా."

మధ్యమధ్య పోగు ఆనించకుండా ఊరికే ఒంగి చూడాల్సింది. చూడలేదు. మంచి మాట వినాలన్న ఆత్రం నాది.

మోకాలి కింద కాలు తీసేశారు. అతని వివరాలను పరిశోధనలోంచి కొట్టేశాం. నా తప్పు నా దగ్గరే ఉంది.

వారం తర్వాత చూడబోతే, దుప్పటి కింద ఖాళీగా ఉన్న చోటు చూపించాడు.

"పాదంల సూదులు గుచ్చుతున్నయి. ఇప్పుడు నిజంగ తెలుస్తుంది బిడ్డా."

ఈసారి స్టూలు లేదు. నేను నిలబడే ఉన్నాను.