టికెట్ బాబాయ్ వేళ్లు

రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆయన్ని అందరూ టికెట్ బాబాయ్ అనేవారు. సర్వర్ గదిలో పనిచేసే అమ్మాయికి మాత్రం ఆయన నిజంగానే బాబాయ్, సొంత పిన్ని మొగుడు. ఆమెకి ఆ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే.

టికెట్ అంటే రైలుదీ సినిమాదీ కాదు. రిపోర్టులు పంపే ప్రోగ్రాం రోజూ పెద్ద సర్వర్ దగ్గర తనెవరో నిరూపించుకుని అనుమతి తెచ్చుకోవాలి. అది ఒక్క రోజే చెల్లుతుంది. బాబాయ్ అందరికంటే ముందొచ్చి, కమాండ్ కొట్టి, చాంతాడంత పాస్‌వర్డ్ టైప్ చేసి ఆ టికెట్ తెచ్చేవాడు. పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోలేదు. "నా బుర్రనడక్కండి, వేళ్లనడగండి" అని మురిసిపోయేవాడు. ఆ మురిపెం వెనక బెంగ ఉంది. ఆయన అన్నగారు చివరిరోజుల్లో సొంత ఇల్లు కూడా పోల్చుకోలేకపోయారు. తనకీ అదే రాసిపెట్టి ఉందేమోనని బాబాయ్ భయం.

మోకాళ్ల నొప్పులతో ఆయన మెట్లెక్కడం చూడలేక అమ్మాయి ఒక ఉపకారం తలపెట్టింది. తలపెట్టకపోయినా బాగుండేది. ఒక సాయంత్రం పాస్‌వర్డ్‌కి బదులు పనిచేసే తాళంచెవిని సర్వర్ నుంచి ఒక ఫైల్లోకి తీసి, ప్రోగ్రాం దాన్ని చూపించి రోజూ తనంతట తానే టికెట్ తెచ్చుకునేలా ఏర్పాటు చేసింది. అలా తీసినప్పుడు సర్వర్ కొత్త తాళంచెవి తయారుచేస్తుంది, పాత పాస్‌వర్డ్ ఇక చెల్లదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. టైప్ చేసే పనే లేదు కదా అనుకుంది. పొద్దున టీ తాగుతూ చెప్పి ఆశ్చర్యపరచాలని నోరు కట్టేసుకుంది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

ఆమె వచ్చేసరికి కుర్చీ ఖాళీ. రిపోర్టులు చక్కగా వెళ్తున్నాయి. "మీ బాబాయ్ ఇక రానన్నారు. ఒంట్లో బాలేదట" అన్నాడు మేనేజర్. స్క్రీన్ నిండా పాస్‌వర్డ్ తప్పు అనే వరసలే. బాబాయ్ పొద్దున్నే వచ్చి, ఎప్పటిలాగే పాత పాస్‌వర్డ్ కొట్టి కొట్టి వెళ్లిపోయాడన్నమాట.

ఆమె బాబాయ్ ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలోనే పిన్ని ఎదురొచ్చింది. "ఏమైందే మీ బాబాయ్‌కి? వచ్చిన దగ్గర్నుంచీ చుట్టాల పేర్లూ ఫోన్ నంబర్లూ అప్పజెప్పుకుంటున్నాడు."

అమ్మాయి జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది.

"ఓదార్చడానికి ఎంత కథ అల్లావే!" అన్నాడు బాబాయ్. "చిన్నప్పట్నుంచీ నీకిదే అలవాటు."

"కథ కాదు బాబాయ్, ఒట్టు. తప్పు నాదే."

"అలాగైతే ముందే ఒక్క మాట చెప్పేదానివి కదా?"



మర్నాడు అమ్మాయి పెద్ద సర్వర్ పాత బ్యాకప్‌ని వేరే మెషిన్‌లో ఎక్కించింది. అందులో పాత పాస్‌వర్డే చెల్లుతుంది. బతిమాలి తీసుకొచ్చి ఆయన్ని కీబోర్డు ముందు కూర్చోబెట్టింది.

"కొట్టు బాబాయ్. నీకే తెలుస్తుంది."

ఆయన చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. మొదటి అక్షరాలు గబగబా పడ్డాయి. సగంలో ఆగిపోయాయి. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. ఇన్నేళ్లూ టైప్ చేస్తూ వేళ్లవంక చూసి ఎరగడు. ఇప్పుడు వాటినే చూస్తున్నాడు.

కాసేపటికి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా మతి పోతోందని నువ్వే ముందు కనిపెట్టావు. అందుకే నాతో చెప్పకుండా ఆ ఫైలు పెట్టావు" అన్నాడు ఆమె తల నిమురుతూ. "మంచిపని చేశావు తల్లీ."