లేబుల్ కింది నీలం

మాస్టారు పోయారన్న సంగతి, కరామాలో అద్దె గదిలో ఆయన పక్క మంచం మీద ఉండే జగిత్యాల అతను ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, మాస్టారు ఇగ లేడు. పొద్దుగాల చాయ్ పెట్టుకొని కూసున్నడు. చాయ్ సల్లారిపోయింది, పిలిస్తే పలుకుతలేడు" అన్నాడు. అప్పుడు నేను బస్సులో ఉన్నాను. బస్సు నిండా జనమే, ఈ మాట తెలుగులో చెప్పుకోవడానికి మాత్రం ఒక్కరూ లేరు. అలాగే పనికి వెళ్ళి, తాళం తీసి, ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మా పని ఏమిటో చెబితే చాలామంది నవ్వుతారు. మా యజమాని ఎమిరాతీ పెద్దమనిషి, మేమంతా అర్బాబ్ అంటాం. ఆయనకు పాతకాలపు వేట తుపాకులు, పిస్తోళ్ళు సేకరించే అలవాటు. అన్నిటికీ లైసెన్సులున్నాయి. తుపాకులన్నీ ఇనుప గదిలో ఉంటాయి, మేము ముట్టుకోవడానికి వీల్లేదు. మా బల్ల మీదికి వచ్చేవి అవి అమ్ముడైనప్పటి అట్టపెట్టెలు మాత్రమే. పాత తుపాకీతో పాటు దాని సొంత పెట్టె, పెట్టె కొసన అంటించిన లేబుల్ చెక్కుచెదరకుండా దొరికితే సేకరించేవాళ్ళకు దాని మీద గౌరవం రెట్టింపవుతుంది. అందుకే పాత పెట్టె మీద కొత్త లేబుల్ అంటించి నమ్మించే ఘనులు లోకంలో కొల్లలు. ఏది అసలో ఏది నకలో తేల్చడం మాస్టారి పని, ఫోటోలు తీసి కంప్యూటర్‌లో ఎక్కించడం నాది.

ఆయన రాజమండ్రిలో సబ్బులకీ, అగరొత్తులకీ లేబుళ్ళు అచ్చు వేసే ప్రెస్సులో ఎదిగిన మనిషి. తరవాత షార్జాలో ఒక ప్రెస్సులో చాలాకాలం చేసి, విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో ఇక్కడ చేరారు. జీవితంలో తుపాకీ పట్టుకోలేదు, పట్టుకోవాలని కోరికా లేదు. "పేలేదాంతో మనకేం పనమ్మాయ్, అట్టతోనే మన సంసారం" అనేవారు.

నేను చేరిన కొత్తలో లేబుల్ మీదికి భూతద్దం పట్టుకుని ఎగబడితే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అది చివర్న చూడాలమ్మాయ్. లేబుల్ మాట్లాడ్డానికే పుట్టింది, ఎవరొచ్చినా తన గోడు చెప్పేసుకుంటాది. ముందు మిగతా పక్కల్ని అడుగు. వాటికి అబద్ధం ఆడాల్సిన అవసరం లేదు కదండీ" అన్నారు. అమ్మాయ్ అని పిలిచి అండీ అని ముగించడం ఆయనకే చెల్లింది. పెట్టెను తిప్పి, అడుగు చూసి, మూలలు నిమిరి, మూత తీసి వాసన చూసి, అప్పుడు లేబుల్ దగ్గరికి వచ్చేవారు. పెట్టె మూల అరిగిపోయి, దాని మీదుగా వంగిన లేబుల్ మాత్రం నలగకుండా ఉంటే పెదవి విరిచేవారు. దీపం ఆర్పి ఊదారంగు టార్చి వేసినప్పుడు కాగితం తెల్లగా మెరిసిందంటే, అది ఈ మధ్య మిల్లులోంచి వచ్చిన సరుకని పక్కన పెట్టేసేవారు. అంటించినదాన్ని మాత్రం ఎప్పుడూ గోటితో లేపేవారు కాదు. మనం చూడ్డానికి వచ్చాం, చెడగొట్టడానికి కాదు అనేవారు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని, పెట్టెలకు దూరంగా కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళం. డబ్బా మూత తీస్తూనే "ఏం కూరండీ ఇవాళ?" అని అడిగేవారు. నేను పచ్చిపులుసు అంటే, ఉడకబెట్టని చారు కూడా ఒక చారేనా అని వెక్కిరించేవారు. మీ పులసల సంగతి మాకు తెల్వదా అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. కాకినాడలో కొడుకు ఉన్నాడని తెలుసు, వారానికోసారి ఫోను, అదీ ముక్తసరిగా. నా మనుషులు కరీంనగర్‌లో ఉన్నారు. ఇద్దరం ఎవరికి వాళ్ళం ఒంటరివాళ్ళమే, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తుకోలేదు. కూర గురించి మాత్రం రోజూ మాట్లాడుకునేవాళ్ళం.

ఆయన ఒకసారి పొరబడ్డారు. ఆ కథ రాయకపోతే ఆయన గురించి ఏమీ రాయనట్టే.

అర్బాబ్ తండ్రికి ఒక పాత వేట తుపాకీ ఉండేది. కుర్రతనంలో తానే బొంబాయిలో పెట్టెతో సహా కొత్తది కొన్నానని ఆ పెద్దాయన కొడుకుకు కథలుగా చెప్పేవాడట. తండ్రి పోయాక అర్బాబ్ ఆ పెట్టెను మా బల్ల మీద పెట్టించాడు. నీలం కాగితం అంటించిన అట్టపెట్టె, రంగు వెలిసి బూడిదలో పడ్డట్టుంది. మాస్టారు అలవాటుగా మిగతా పక్కలన్నీ చూశారు. ఎక్కడా మరక లేదు. లేబుల్ ఉన్న వైపు మాత్రం గోధుమరంగు, దగ్గరికి పోతే పొగ వాసన. "పాతగా కనిపించడం వేరు, పాతదవడం వేరమ్మాయ్. పొగబెట్టి ముసలితనం తెప్పించారు" అని నకలు కిందికి తోసేశారు. అర్బాబ్ పెట్టెను స్టోర్ గదిలో పడేయించాడు. బొంబాయి కథ అందరికీ చెప్పే మనిషి, ఆ తరవాత దాని ఊసే ఎత్తలేదు.

మరుసటి ఈద్‌కు మమ్మల్నందరినీ ఇంట్లోకి పిలిచారు. అతిథులతో తండ్రి కూర్చునే గదిని, మజ్లిస్‌ను, అర్బాబ్ అప్పటిదాకా మార్చకుండా ఉంచాడు. అర్బాబ్ తల్లి నిప్పుల మీద బఖూర్ వేసిన పాత్ర తెచ్చి, అందరికీ ఆ అగరు పొగ చూపించి, అలవాటుగా ఒక గూట్లో పెట్టి వెళ్ళింది. మాస్టారు గూటినే చూస్తూ ఉండిపోయారు. గూటి పైన గోడంతా గోధుమరంగు. కాఫీ కప్పు కింద పెట్టి, ఆ పెట్టె ముందు ఎక్కడుండేదని అర్బాబ్‌ను హిందీలో అడిగారు. అర్బాబ్ ఆ గూటి పక్క అరనే చూపించాడు. లేబుల్ ఉన్న వైపు నిప్పులకేసి, మిగతా వైపులు అర గోడలకేసి ఉండేవన్నమాట. ఆ మరకా వాసనా ఏళ్ళ తరబడి పట్టిన బఖూర్ పొగవే.

తిరిగొచ్చేటప్పుడు దారిలో "పోనీయండి మాస్టారు, ఎవ్వరికి తెల్వదు గదా" అన్నాను. "నాకు తెల్సిపోయింది కదమ్మాయ్. ఓ కొడుకు చేత తండ్రిని అబద్ధాలకోరు అనిపించాను" అన్నారు.

మర్నాడు అర్బాబ్‌ను పిలిపించారు. "అర్బాబ్, గల్తీ మేరా హో సక్తా హై" అన్నారు, తప్పు నాది కావచ్చని. తేల్చడానికి ఒకటే దారి, లేబుల్ మూల లేపి చూడటం. లేబుల్ మొదటినుంచీ ఉన్నదైతే దాని కింద నీలం కాగితం పొగా ఎండా తగలక తాజాగా ఉంటుంది. తరవాత అంటించిందైతే కింద కూడా వెలిసిపోయి ఉంటుంది. అప్పుడిక ఆశ కూడా మిగలదు. వద్దంటే ఇలాగే ఉంచేస్తానని చెప్పారు. అర్బాబ్ పెట్టెను మాస్టారి ముందుకు జరిపి "యల్లా, ఖోలో" అన్నాడు, కానివ్వండి, తెరవండి అని.

ఎప్పుడూ లేపని మనిషి ఆ రోజు లేపారు. తడి దూది ఆనించి, జిగురు నానేదాకా ఆగి, పల్చటి ఎముక బద్దతో అంచు కింద కదిపారు. మూల లేచింది. కింద నీలం, మొన్న అంటించినంత నీలం.

అర్బాబ్ వంగి చూశాడు. "మేరా బాబా ఝూఠ్ నహీ బోలా" అని తనలో తానే అనుకున్నట్టు అన్నాడు. మా నాన్న అబద్ధం చెప్పలేదు అన్న ఆ ఒక్క ముక్క కోసం ఆ మనిషి అన్ని నెలలు నోరు కట్టుకున్నాడు. మాస్టారు మూలను మళ్ళీ అంటించబోతే ఆపి, అలాగే ఉండనీయమన్నాడు.

ఆయన పోయిన తరవాత కాగితాల పనికి, శవాన్ని తీసుకెళ్ళడానికి కొడుకు కాకినాడ నుంచి వచ్చాడు. ముఖం తండ్రిదే, మాట కూడా. తండ్రి సామాను తీసుకుందామని మా గదికి వచ్చి, నిలబడే అడిగాడు. "ఏవండీ, మా నాన్న ఇక్కడ నిజంగా ఏం చేసేవోరండి? అట్టపెట్టెల కంపెనీ అనే చెప్పేవోరు. ఈ వయసులో అట్టలు మోయిస్తున్నారేమో, మాకు చెప్పుకోలేక దాస్తున్నారేమో అని నాకు లోపల్లోపల ఒకటే ఇదండి. అడిగితే నవ్వేసేవోరు."

తుపాకీ మాట వింటే ఇంట్లో కంగారు పడతారని మాస్టారు సగమే చెప్పి ఉంటారు. నేను విడమరిచి చెప్పాను. తల ఊపాడు గానీ, పోయినవాళ్ళ గురించి మంచి మాటలే చెబుతారులే అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు ముల్లులా గుచ్చుకుంది.

అంతలో అర్బాబ్ వచ్చాడు. కొడుకును చూడగానే ఎవరని అడగలేదు. సలాం చెప్పి, ఇనుప గదిలోకి వెళ్ళి, అప్పటి నుంచీ ఎవరి చేతికీ ఇవ్వని ఆ నీలం పెట్టెను తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. హిందీలో మొదలుపెట్టాడు. నేను తెలుగులో చెబుతూ పోయాను. బొంబాయి, బఖూర్, గోడ, మర్నాడు పిలిపించి తప్పు నాది కావచ్చు అన్న మనిషి. సగం దాకా వచ్చాక అర్బాబ్ చెప్పడం ఆపి, కొడుకు వేలు పట్టుకుని, లేచిన ఆ మూల కిందికి నెమ్మదిగా తీసుకెళ్ళాడు.

ఇద్దరూ పెట్టె మీదికి వంగి అలాగే ఉండిపోయారు. కొడుకు భుజాలు కదులుతున్నాయి. అర్బాబ్ అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. తెలుగులోకి మార్చి చెప్పాల్సిందేమీ లేక, నేను బల్లకు ఇవతలే నిలబడి ఉన్నాను.