ఉస్తాద్ ఇంజిన్ దొంగ కాదు

ఉస్తాద్ పోయారు. మొన్న శుక్రవారం తార్నాకలో టీ హోటలాయన గ్లాసు నా ముందు పెడుతూ చెప్పాడు. "గా ఇంజన్ దొంగ ముసలాయన లేడూ, మెకానిక్కు, పొద్దుగాల సచ్చిపోయిండంట."

టీ తాగకుండా లేచొచ్చాను. అతన్ని కొట్టాలనిపించింది. కానీ ఆ పేరు పెట్టింది అతను కాదు. పెట్టిన ఇద్దరిలో ఒకణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఏడేళ్ల కిందట, తొంభై రెండులో, నేను యూనివర్సిటీ హాస్టళ్ల మెస్సులకు బియ్యం, కూరగాయలు చేరవేసే ఒక చిన్న సహకార సంఘంలో గుమాస్తాను. మాకున్నది ఒక్కటే లారీ, నేను పుట్టకముందుది, బానెట్ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం బండి. ఆ వేసవిలో దాని ఇంజిన్ పగిలింది. చూసిన మెకానిక్కులందరూ తుక్కుకు వేసేయమన్నారు. ఉస్తాద్ మాత్రం చుట్టూ తిరిగి చూసి, "బండి మంచిగనే ఉన్నది సార్. గుండెకాయ మార్సాలె, గంతే" అన్నారు.

ఎక్కడో మూలపడ్డ బండిలోంచి డీజిల్ ఇంజిన్ తెచ్చి, తార్నాకలో తన షెడ్డులో పదకొండు రోజులు పనిచేశారు. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరుసలోనే ఒక అట్టముక్కకు గుచ్చేవారు. "పనైనంక ఒక్క బోల్టు మిగిలినా గది దొంగతనమే సార్" అనేవారు. ఇలాంటి మనిషిని మేం దొంగను చేశాం.

పాత ఇంజిన్ నంబరు మీద, కొత్తదాని నంబరు మీద పల్చటి కాగితాలు ఆనించి, పెన్సిల్‌తో రుద్ది అచ్చులు తీసి నా చేతిలో పెట్టారాయన. వాటిని దరఖాస్తుకు అంటించి ఆర్టీవో ఆఫీసుకు పంపితే ఇంజిన్ మారినట్టు రికార్డుకెక్కుతుంది. "పని నాది, కాయిదం నీది" అన్నారు. నేను వాటిని సొరుగులో పడేసి, రేపు పంపుదామనుకున్నాను. ఏడాదైనా ఆ రేపు రాలేదు. ఈలోగా మా కార్యదర్శి పాత ఇంజిన్‌ను తుక్కుతో కలిపి, రాతకోతలేమీ లేకుండా పంపించేశాడు.

తనిఖీకొచ్చినవాళ్లు లారీ ఇంజిన్ నంబరు రికార్డుతో కలవడం లేదు, అసలు ఇంజిన్ ఏదని అడిగారు. కార్యదర్శి కళ్లార్పకుండా, "ఆ తార్నాక మెకానిక్కు మార్చేసుకున్నాడండీ" అన్నాడు. ఇంజిన్ మార్చిన సంగతి చెప్పడానికి పిలిపించిన ఉస్తాద్ అక్కడే నిలబడి ఉన్నారు. నా వైపు చూశారు. అచ్చులు నా సొరుగులోనే ఉన్నాయి. తీస్తే నా బద్ధకం, కార్యదర్శి అబద్ధం రెండూ బయటపడతాయి, నా ఉద్యోగం పోతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాల్సిన మేమిద్దరం నిటారుగా కూర్చున్నాం. ఆయన్ని ఇక క్యాంపస్‌లోకి రానివ్వొద్దని కార్యదర్శి వాచ్‌మన్‌కు చెప్పాడు. లారీని మాత్రం ఆపలేదు. సరుకులు మొయ్యాలి కదా.

వారం తర్వాత షెడ్డుకు వెళ్లి క్షమించమన్నాను.

"నీకు ఇద్దరు పిల్లలున్నరు. నౌకరి జూస్కో సార్. నా చేతులు యాడికి పోతయి" అని, నాకు చాయ్ తెప్పించారు.

ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. కాలర్ పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే ఆ సొరుగు తీసేవాణ్ణేమో. ఇదీ అబద్ధమే. తప్పు ఆయన మీదికి నెట్టే అలవాటు నాకింకా పోలేదు.

శుక్రవారం సాయంత్రం, శ్మశానం నుంచి వచ్చాక, ఆ రెండు కాగితాలూ ఆయన కొడుక్కిచ్చి జరిగిందంతా చెప్పాను. అతను వాటిని చాలాసేపు చూశాడు.

"మా నాయినకు గివి యాదికున్నయి సార్. ఎప్పుడో ఒకనాడు సార్ తెస్తడు అనెటోడు."

ఆరేళ్లు ఆయన నా కోసం చూశారు, నేను ఆయన చావు కోసం చూసినట్టయింది.

విద్యానగర్‌లో ఆయన చెల్లెలుండేది. క్యాంపస్‌లోంచి సైకిల్ మీద దగ్గర దారి. ఆయన ఆ ఆరేళ్లూ రామంతాపూర్, అంబర్‌పేట చుట్టూ తిరిగే వెళ్లారు. ఒకరోజు క్యాంపస్ తార్నాక గేటు దగ్గర ఆయన్ని చూశాను. మా లారీ కూరగాయల బస్తాలతో లోపలికి వెళుతోంది. ఉస్తాద్ సైకిల్ దిగి, గేటుకు ఇవతల నిలబడి, తల కొంచెం వంచి ఇంజిన్ చప్పుడు వింటున్నారు. అది వినబడనంత దూరం పోయేదాకా అలాగే ఉన్నారు. తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిల్‌ను ఆ చుట్టుదారికే, హబ్సిగూడ వైపు తిప్పుకున్నారు.